రూపాయిలో అణా

ఆర్థర్ ఆండర్సన్ అనే అమెరికా ఆడిట్ సంస్థ కథ మా ఆడిటర్ల వృత్తిలో వాళ్లకి రామాయణం లాంటిది. సీఏ కోచింగ్‌లో ఆడిటింగ్ చెప్పే మాస్టారు చెప్తాడు, సెమినార్‌లో భోజనాలకి ముందు మైకు పట్టుకున్న పెద్దాయన చెప్తాడు. ఎవరు చెప్పినా సారం ఒకటే. సంస్థ పెట్టినాయన నిప్పులాంటి మనిషి, తర్వాత వచ్చినవాళ్లు ఫీజుకి కక్కుర్తిపడి, దొంగ లెక్కలు చూపించిన ఎన్‌రాన్ అనే అమెరికా కంపెనీతో కలిసి మునిగిపోయారు, కాబట్టి పిల్లలూ, నిజాయితీగా ఉండండి. చప్పట్లు. తర్వాత పులిహోర.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా సొంత ఆఫీసు నడుపుతున్నాను. అంతకుముందు అదే పేటలో, ఇప్పటి నా ఆఫీసుకి రెండు సందుల అవతల, మా సార్ దగ్గర ఆర్టికల్స్ (సీఏ చదివేవాళ్లు ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) చేశాను. ఇన్నేళ్లూ చూశాక నాకు అనిపించేది, ఆ కథని మనం తప్పుగా చెప్పుకుంటున్నామని. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ దాన్ని శీలం కథగా చెప్తాం, నాకేమో అది ఫీజుల పుస్తకం కథలా కనపడుతుంది.

ముందు కథ తెలియనివాళ్ల కోసం. ఆండర్సన్ 1885లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు. పదహారేళ్లకల్లా ఇద్దరూ పోయారు. పగలు ఒక కంపెనీలో ఉత్తరాలు పంచే కుర్రాడిగా పనిచేసి రాత్రి చదువుకున్నాడు. 1908లో, 23 ఏళ్లకి, ఆ రాష్ట్రంలో అందరికంటే చిన్న వయసు సీపీఏ (మన సీఏ లాంటిది) అయ్యాడు. ప్రైస్ వాటర్‌హౌస్‌లో కొన్నాళ్లు పనిచేశాడు (ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మనవైపు మళ్లీ వస్తుంది). 1913లో డిలేనీ అనే ఆయనతో కలిసి షికాగోలో ఒక చిన్న ఆడిట్ కంపెనీని కొన్నాడు, ఒక పక్క నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠాలూ చెప్పేవాడు.

పెట్టిన తొలి రోజుల్లోనే, జీతాలకి కూడా ఇబ్బందిగా ఉన్న సమయంలో, ఒక రైల్వే కంపెనీ పెద్దాయన ఆఫీసుకొచ్చి లెక్కలు తనకి అనుకూలంగా మార్చమన్నాడట. షికాగో నగరంలో ఉన్న డబ్బంతా ఇచ్చినా ఆ రిపోర్టు మార్చనన్నాడు ఆండర్సన్. క్లయింటు పోయాడు. కొన్ని నెలలకే ఆ రైల్వే దివాలా తీసింది. ఇక ఆండర్సన్ పేరు మోగిపోయింది. "సూటిగా ఆలోచించు, సూటిగా మాట్లాడు" అని వాళ్లమ్మ చెప్పిన మాటే సంస్థ నినాదం అయింది.

బాగుంది కదా. కానీ ఒక్కసారి ఆగండి. ఆ రైల్వే దివాలా తీయకపోయి ఉంటే ఈ కథ మనదాకా వచ్చేదా? లాభాల్లో నడిచి, ఆ పెద్దాయన మనవళ్లదాకా హాయిగా బతికి ఉంటే? అప్పుడు ఆండర్సన్ క్లయింటుని పోగొట్టుకున్న మొండి కుర్రాడు, అంతే. షికాగోలో ఇంకెవరు అలా కాదన్నారో, ఎంతమంది ఆ దెబ్బకి ఆఫీసు మూసుకున్నారో మనకెవరూ చెప్పరు. వాళ్ల పేర్లతో సంస్థలు మిగల్లేదుగా.

మా సార్ కథ ఆ రెండో రకం.

తొంభైల చివర్లో సంగతి. నాకిచ్చే స్టైపెండు బస్ పాస్‌కీ సాయంత్రం పునుగులకీ సరిపోయేది. మా ఆఫీసులో పెద్ద క్లయింటు ఒక మినుముల వ్యాపారి, పప్పుల మిల్లు కూడా ఉండేది. ఆయన ఫర్మూ, తమ్ముడి ఫర్మూ, భార్య పేరు మీద ఇంకోటీ, హెచ్‌యూఎఫ్ (పన్ను లెక్కల్లో ఉమ్మడి కుటుంబం), అన్నీ మా దగ్గరే. మార్చి 31న స్టాకు లెక్కపెట్టడానికి సార్ నన్ను పంపించారు. ఊరి బయట రేకుల షెడ్డు. లోపల ఉక్క, దుమ్ము, గోనెసంచుల వాసన. బస్తాలు దాదాపు కప్పుదాకా నెట్టు కట్టి ఉన్నాయి. పొడుగు 12, వెడల్పు 9, ఎత్తు 14. గోడౌన్ గుమాస్తా నాతోపాటు తిరిగి లెక్కపెట్టాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. 1,512 బస్తాలని రాసుకుని, ఆయన చేత సంతకం పెట్టించుకుని బస్సెక్కేశాను. ఎంత పద్ధతిగా చేశానో అని లోపల కాస్త గర్వం కూడా.

పొద్దున్నే సార్ కాగితం చూశారు.

"పైకెక్కావా?"

"అంటే సార్..."

"నెట్టు పైకెక్కి చూశావా అంటున్నా."

"లేదు సార్."

"మరి మధ్యలో బస్తాలు నీకెలా కనపడ్డాయయ్యా?"

నాకు మాట రాలేదు. మళ్లీ బస్సు. ఈసారి గుమాస్తా మొహం మారింది, నిచ్చెన లేదన్నాడు, తాళం ఓనర్ దగ్గరుందన్నాడు, తర్వాత రమ్మన్నాడు. నేను అక్కడే కూర్చున్నాను, చేసేదేం లేక. కాసేపటికి ఒక ముసలి హమాలీ, ఎవరితో ఒక్క మాట మాట్లాడకుండా, నాలుగైదు బస్తాలు తెచ్చి మెట్లలా వేసి పక్కకెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. ఆయన అలా ఎందుకు చేశాడో ఇప్పటికీ తెలీదు. మిల్లాయన మీద కోపమో, నా మీద జాలో.

పైకెక్కితే మధ్యలో టార్పాలిన్ పరిచి ఉంది. అంచు ఎత్తి చూస్తే కింద వెదురు గడలు, వాటి కింద చీకటి. కళ్లు అలవాటు పడ్డాక గోడౌన్ నేల కనపడింది, నేల మీద ఎవరో తాగి పడేసిన బీడీ ముక్కలు. చుట్టూ రెండేసి వరసలే ఉన్నాయి, లోపలంతా బావి. పొరకి 108 ఉండాల్సిన చోట 68. పద్నాలుగు పొరలకి 952. అంటే 560 బస్తాలు లేవు. వాటిని చూపించే బ్యాంకులో సీసీ లిమిట్ (సరుకు మీద ఇచ్చే అప్పు) వాడుకుంటున్నారు, ఎందుకంటే స్టాకు ఎంతుంటే డ్రాయింగ్ పవర్, అంటే తీసుకోగల అప్పు, అంత.

మిల్లాయన మర్నాడు ఆఫీసుకొచ్చారు. అరవలేదు, బెదిరించలేదు. "ఆడిటర్ గారూ, సీజనండీ. జూన్ కల్లా సరుకు నింపేస్తాను. రెండు నెలల మాటకి మీకెందుకండీ ఇబ్బంది?" అన్నారు. సార్ షికాగో డైలాగులేవీ కొట్టలేదు. "నింపాక చెప్పండి, ఆ రోజు తేదీ వేసి రాస్తాను. 31 నాటికి మాత్రం 952" అన్నారు. అంతే. ఆయన వెళ్లిపోయాక సార్ ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. మా గుమాస్తా గారు రెండుసార్లు వెళ్లి అడిగొచ్చారు.

కొన్నాళ్లకి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఇంకో ఆడిటర్ది. మా వృత్తిలో ఒకరి క్లయింటుని ఇంకొకరు తీసుకునేముందు పాతాయనకి ఉత్తరం రాసి అడగాలి, అది నియమం. సార్ ఉన్నదున్నట్టు రెండు వాక్యాల్లో జవాబు రాశారు, నేనే టైపు చేయించాను. కొత్తాయన దాన్ని చదివి ఫైల్లో పెట్టుకుని ఆడిట్ తీసుకున్నాడు. అది నియమంలో ఉన్న సొగసు, అడగమంటుంది, వినమనదు.

ఇప్పుడు అసలు సంగతి. మిల్లాయన మునిగిపోలేదు. అన్నట్టే జూన్‌కి సరుకు నింపారనుకుంటాను. ఆ తర్వాత ఇంకో మిల్లు పెట్టారు, దాని తర్వాత కల్యాణ మండపం కట్టారు. మొన్న మా బంధువుల పెళ్లి అందులోనే అయింది, నేనూ వెళ్లి భోంచేసొచ్చాను, పనసపొట్టు కూర చాలా బాగుంది. మా సార్‌కి మాత్రం ఏటా మేలో వచ్చే నూజివీడు చిన్నరసాల బుట్ట ఆగిపోయింది, దాంతోపాటు ఏడాది ఫీజులో పెద్ద ముక్క. మా గుమాస్తా గారి జీతం ఆ ఎండాకాలం మూడు నెలలు రెండేసి ముక్కలుగా వచ్చింది. ఆయనకి ఇద్దరాడపిల్లలు. సార్ కాదన్న మాటకి సొమ్ము కట్టినవాళ్లలో ఆయనా ఉన్నారు, ఆయన్ని ఎవరూ అడగలేదు. నిజాయితీ గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ఆ ఏడాదే సార్ ఒక పొడుగాటి పుస్తకం తెరిచారు. ఎడమ పక్క క్లయింట్ల పేర్లు, కుడి పక్క ఫీజు, ఆ పక్కన అణాలు. దేశంలో 1957లోనే నయాపైసలు వచ్చేసినా ఆయన లెక్క అణాల్లోనే ఉండిపోయింది. ఆఫీసు మొత్తం ఫీజు రూపాయి అనుకుంటే, అందులో మిల్లాయన వాటా మూడణాలు. ఇక మీదట ఏ క్లయింటూ, అతని తమ్ముళ్లూ బావమరుదులూ భార్యా అందరూ కలిపి, రూపాయిలో అణా దాటకూడదని సార్ తీర్మానించారు. ఎవరైనా దాటితే కొత్త పని ఒప్పుకునేవారు కాదు, ఫలానా ఆయన దగ్గరికి వెళ్లమని చెప్పేవారు. వచ్చే లక్ష్మిని తంతున్నాడని సాటి ఆడిటర్లు నవ్వుకునేవాళ్లు. ఎవరో అడిగితే, "రేపెవరైనా వచ్చి సంతకం పెట్టమంటే కాదనగలగాలిగా, అణా అయితే కాదనగలను. మూడణాలైతే రాత్రి నిద్రపట్టదు, నాకు తెలుసు" అన్నారు.

ఇదీ నాకు నచ్చిన మాట. తను ఎంత గొప్పవాడో ఆయన చెప్పలేదు. తన బలహీనత ఎంతో కొలిచి చెప్పారు.

ఈ అణా లెక్కతో ఎన్‌రాన్ దగ్గరికి వెళ్దాం. 2000 సంవత్సరంలో ఎన్‌రాన్ ఆండర్సన్‌కి ఇచ్చింది 5.2 కోట్ల డాలర్లు, ఆడిట్‌కి రెండున్నర కోట్లు, కన్సల్టింగ్ వగైరాలకి 2.7 కోట్లు. ఆడిట్ కంటే సలహాల ఫీజే ఎక్కువని అప్పట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. కానీ ఆండర్సన్ మొత్తం ఆదాయం 2001లో 930 కోట్ల డాలర్లు. దాంట్లో ఎన్‌రాన్ వాటా రూపాయికి అణా కాదు కదా, ఒక్క పైసా కూడా కాదు! మా సార్ పుస్తకంలో అయితే పక్కాగా పాసైపోయే క్లయింటు. మరి కాదనడానికేం?

ఎందుకంటే కాదనాల్సింది 930 కోట్ల సంస్థ కాదు. హ్యూస్టన్‌లో కూర్చుని ఎన్‌రాన్ ఆడిట్ చూసే ఆండర్సన్ భాగస్వామి డేవిడ్ డంకన్. ఆయన పని ఎన్‌రాన్, ఆయన హోదా ఎన్‌రాన్, ఆయన కింద పనిచేసే టీమంతా ఎన్‌రాన్ ఆఫీసులోనే. సంస్థకి పైసా కూడా కాని క్లయింటు ఆయనకి పదహారణాలు. సంస్థ పెద్దదైనకొద్దీ ధైర్యం పెరుగుతుందని అనుకుంటాం, ఇక్కడ తిరగబడింది. సంతకం పెట్టే మనిషికీ, నష్టం ఓర్చుకోగల ఖజానాకీ మధ్య దూరం పెరిగింది.

అక్కడ అందరూ తానా అంటే తందానా అన్నవాళ్లేం కాదు. లెక్కల పద్ధతులు చూసే ఆండర్సన్ సొంత నిపుణుల బృందంలో కార్ల్ బాస్ అనే ఆయన ఎన్‌రాన్ లెక్కల్ని ఒప్పుకోలేదు. ఎన్‌రాన్‌కి ఆయన గిట్టలేదు. 2001 మార్చిలో ఆయన్ని ఎన్‌రాన్ వ్యవహారాల నుంచి తప్పించారు. ఆ ఏడాది చివర్లో హ్యూస్టన్‌లో కాగితాలు ముక్కలు చేసే మెషిన్లు తెగ తిరిగాయి. 2002 జూన్‌లో సంస్థ దోషి అని జ్యూరీ తేల్చింది, ఆగస్టు 31కల్లా ఆడిట్ చేసే హక్కు వదులుకుంది. 85,000 మంది పనిచేసిన సంస్థ. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పు కొట్టేసింది, కానీ అప్పటికి బోర్డు దించేసి మూడేళ్లయింది. (దాని కన్సల్టింగ్ భాగం ముందే విడిపోయి 2001 జనవరి నుంచి యాక్సెంచర్ అయింది. మన పటమటలో, మొగల్రాజపురంలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా అందులో పనిచేసే పిల్లలు ఒకరైనా ఉంటారు. ఆ పేరు వెనక ఈ గొడవంతా ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసో.)

ఆండర్సన్ 1947లో పోయాడు. ఆయన తర్వాత వచ్చిన లియొనార్డ్ స్పాసెక్ కూడా తక్కువవాడేం కాదు, సాటి ఆడిట్ సంస్థల్నే బహిరంగంగా కడిగేసేవాడు. అంటే నిజాయితీ ఒక తరం దాకా చేతులు మారింది. ఆ ఊళ్లోనూ ఈ ఊళ్లోనూ ఆండర్సన్ ఆఫీసులన్నిటికీ ఒకే రకం చెక్క తలుపులు ఉండేవి. తలుపులు, పేరు, అమ్మ చెప్పిన మాట, ఇవన్నీ వారసత్వంగా ఇవ్వొచ్చు. ఒక్క మనిషి ఒక్క గదిలో కూర్చుని క్లయింటుని పొమ్మనగలిగిన ఆ 1914 నాటి పరిస్థితిని ఎలా ఇస్తారు?

సత్యం కంప్యూటర్స్ సంగతి చెప్పకపోతే తెలుగువాడిగా నాకు అన్నం అరగదు. 2009 జనవరి 7. ఆ రోజు మా ఆఫీసులో పని జరగలేదు, టీవీ ముందే ఉన్నాం. పులి మీద స్వారీ, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలీలేదని దాని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. ఆడిట్ చేసింది, ముందు గుర్తుపెట్టుకోమన్న ఆ ప్రైస్ వాటర్‌హౌస్ ఇండియాలోని సంస్థే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు శిక్షలు వేసిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. ఆ రోజు నేను ఆలోచించింది ఒక్కటే. బ్యాంకు నిల్వలంటే నెట్టు చుట్టూ తిరిగి లెక్కపెట్టడం కాదు, బ్యాంకుకే నేరుగా రాసి, జవాబు నేరుగా మనకే వచ్చేలా చూసుకోవాలి. పైకెక్కడం అంటే అదే. ఇంత పెద్ద ఆడిట్‌లో ఎవరూ నిచ్చెన అడగలేదా అని.

అడిగాను కానీ, అంత గట్టిగా అడగడానికి నాకేం హక్కుందో ఇప్పుడు చెప్తాను.

2014లో కొత్త రాజధాని మా పక్కనే అనగానే మా ఊరు ఎలా ఊగిపోయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. నా దగ్గర అప్పటిదాకా అణాలో పావు వంతు కూడా లేని ఒక బిల్డర్ గ్రూపు మూడేళ్లలో ఆరణాలైంది. సార్ పుస్తకం నాకు గుర్తుంది. గుర్తుండీ, మంచి రోజులు ఎప్పుడూ రావు కదా అనుకుని, వాళ్ల పని కోసమే నలుగుర్ని పెట్టుకున్నాను, పక్క పోర్షన్ కూడా అద్దెకి తీసుకున్నాను. 2019 ఏప్రిల్‌లో వాళ్లకో సర్టిఫికెట్ కావాల్సొచ్చింది, ప్రమోటర్లు ప్రాజెక్టులో తమ వాటా సొమ్ము పెట్టారని, బ్యాంకు లోను కోసం. పుస్తకాలు చూశాను. సొమ్ము మార్చి 28న వచ్చింది, ఏప్రిల్ 3న వాళ్లదే ఇంకో కంపెనీకి వెళ్లిపోయింది. "31 నాటికి ఉందా లేదా సార్, ఉంది కదా, అదే రాయండి" అన్నాడు వాళ్ల ఫైనాన్స్ కుర్రాడు ఫోన్‌లో. మిల్లాయనలాగే, చాలా మర్యాదగా.

31 నాటికి ఉందని రాశాను. అక్షరం పొల్లుపోని నిజం. ఏప్రిల్ 3 ఊసు ఎత్తలేదు. ఆ ఫిబ్రవరి నుంచే సర్టిఫికెట్లకి యూడీఐఎన్ (ప్రతి కాగితానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) తప్పనిసరి చేశారు, దొంగ సంతకాలు పట్టుకోవడానికి. నా సర్టిఫికెట్ మీద ఆ 18 అంకెలూ అక్షరాలూ ఉన్నాయి. ఎవరైనా సీఏ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో చూసుకోవచ్చు, సంతకం నాదే, అసలైనదే. నెట్టు మధ్యలో బావి ఉందో లేదో మాత్రం ఆ అంకెలు చెప్పవు.

సంతకం పెట్టే ముందు నేను నిజం, అబద్ధం అని ఏమీ ఆలోచించలేదు. నలుగురు కుర్రాళ్ల జీతాలు, పక్క పోర్షన్ అద్దె, వాళ్ల దగ్గర రావాల్సిన పాత బాకీ, ఇవి ఆలోచించాను. మా సార్ గుమాస్తా గారి జీతం ముక్కలైన ఆ ఎండాకాలం కూడా గుర్తొచ్చింది, దాన్ని నా తప్పుకి సాకుగా వాడుకున్నాను. హ్యూస్టన్ డంకన్ కూడా ఇలాగే కూర్చుని ఉంటాడని ఆ రోజు తోచలేదు, తర్వాత తోచింది.

మే 23న ఫలితాలొచ్చాయి, ప్రభుత్వం మారింది, రాజధాని పనులు ఆగిపోయాయి. ఆ లోను శాంక్షన్ కాలేదు, అది నా అదృష్టం తప్ప ఇంకేం కాదు. బిల్డర్లు పని ఆపేశారు, పాత బాకీలో సగం ఇప్పటికీ రాలేదు. ఏ ఆరణాల కోసం రాశానో ఆ ఆరణాలు రెండు నెలలు కూడా నిలవలేదు. నలుగురిలో ముగ్గురిని నేనే వేరే ఆఫీసుల్లో చెప్పి పెట్టించాల్సొచ్చింది.

నాతో వాదించే మిత్రులు ఇప్పుడు చట్టాలు గట్టిపడ్డాయంటారు. 2013 కంపెనీల చట్టంలో రొటేషన్ (కొన్నేళ్లకోసారి ఆడిటర్ని మార్చాలన్న నియమం) వచ్చింది, 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ (ఆడిటర్ల పనిని పర్యవేక్షించే సంస్థ) వచ్చింది. రావాల్సినవే, కాదనను. కానీ అవి లిస్టెడ్ కంపెనీలకి, పెద్ద కంపెనీలకి. వన్‌టౌన్ బట్టల కొట్లకి, ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్లకి, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి రొటేషన్ ఏంటి? అక్కడ తండ్రి ఆడిటరే కొడుక్కీ ఆడిటర్. ఆ పెళ్లిళ్లకి వెళ్తాం, ఆ బారసాలలకి వెళ్తాం. అలాంటి చోట కాదనాలంటే చట్టం పక్కన నిలబడదు, నీ ఫీజుల పుస్తకమే నిలబడాలి. కొత్తగా ప్రాక్టీసు పెట్టే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు, మంచి బోర్డు ఎక్కడ చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడుగుతారు. పుస్తకం సంగతి చెప్తే మొహమాటానికి తలూపుతారు. మొదటి ఏడాది నలుగురు క్లయింట్లు ఉన్నవాడికి అణా లెక్క ఎలా కుదురుతుంది సార్ అని ఒకమ్మాయి అడిగింది. కుదరదు. ఆ మాట నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఆ మొదటి మూడేళ్లూ ఎవరి అదృష్టం వాళ్లది, అందుకే అప్పులు చేసి ఏసీ ఆఫీసు పెట్టొద్దంటాను, అంతవరకే చెప్పగలను.

సార్ పోయి నాలుగేళ్లయింది. ఆయన పుస్తకం నా దగ్గరుంది, వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు, నాన్న గుర్తుగా ఏదైనా తీసుకోమంటే అది అడిగాను. 2020 నుంచి నేనూ అలాంటిదే రాస్తున్నాను, కంప్యూటర్‌లో కాదు, చేత్తోనే, ఏప్రిల్ మొదటి ఆదివారం, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు.

ఈ ఏడు కూడినప్పుడు ఒక పేరు దగ్గర అణాన్నర వచ్చింది. ఆసుపత్రుల గ్రూపు. మంచి మనుషులు, అడక్కుండానే ఫీజు పంపిస్తారు, ఇంతవరకు ఒక్క తప్పు కాగితం కూడా నా ముందు పెట్టలేదు. వాళ్ల కొత్త డయాగ్నస్టిక్ సెంటర్ ఆడిట్ కూడా నన్నే చూడమంటున్నారు. ఇంకొకర్ని చూసుకోండని ఉత్తరం టైపు చేసి, ప్రింట్ తీసి, సంతకం కూడా పెట్టాను. మూడు వారాలుగా నా టేబుల్ సొరుగులో ఉంది.